గులివింద

మొదటి కపాలం తెరిచింది చేతి బరమాతో.
కరెంటు బరమా వచ్చేసరికి నాకు నలభై దాటాయి.
ఎముక పొట్టు వాసన
పూర్ణా మార్కెట్ వెనక వడ్రంగి కొట్లో రాదు,
పళ్ళ డాక్టరు దగ్గర కొంచెం వస్తుంది.
ఆ వాసనతోనే ఇంటికెళ్ళి అన్నం తిన్నాను.
మర్రిపాలెం గ్యాంగ్‌మన్ మళ్ళీ లేవలేదు.
అతని బావమరిది మూడు రోజులు
అదే టిఫిన్ క్యారియర్ పట్టుకుని
కేజీహెచ్ థియేటర్ మెట్ల మీద కూర్చున్నాడు.
మూడో రోజు నేను వెనక మెట్లు దిగాను.

గడ్డ అంటాం.
మంచుగడ్డా గడ్డే, పుట్టిన గడ్డా గడ్డే.
చుట్టాలు వేళ్ళు ముడిచి చూపిస్తారు: ఇంతుందా? నిమ్మకాయంతా?
పిండిలో ఉప్పులా కలిసిపోయిందని
ఎలా చెప్పను?
అప్పుడప్పుడూ చెప్పాను.
ఎక్కువసార్లు "చూద్దాం" అన్నాను.
ముప్పై ఏళ్ళు ఆ ఒక్క మాట మీద బతికాను.

సూరాడ పోలేరు
ఫిషింగ్ హార్బర్‌లో చేపల పాట పాడేది.
తెల్లారి నాలుగింటికి ఆమె గొంతు లేస్తే
బోటు ఓనర్లు బీడీలు పారేసేవాళ్ళు.
ఆ గొంతు ఓ రోజు
పన్నెండొందలు, పన్నెండొందలు అంటూ ఆగిపోయింది.
పదమూడు దొరకలేదు.

మాటలుండే చోటే గడ్డ.
మెలకువలోనే తియ్యాలి, మాట్లాడిస్తూ.
బొమ్మల కార్డులుంటాయి దానికి:
గొడుగు, ఏనుగు, కుర్చీ.
"నాను బడిపిల్లనేటి బావూ?"
సరే, చేపలు చెప్పమన్నాను.

వంజరం. చందువ. కానాగంతలు. నెత్తళ్ళు.
సన్న తీగతో మెదడు పొర మీద
ఒక్కో చోటా తాకుతూ పోతున్నాను.
సొర. టేకు. పార. సావిడాయి.
ఒకచోట తాకాను.
మానిటరు ఒక్కటే మోగుతోంది.
"అదే... ఎర్రగుంటాది... మీసాలుంటాయి కదేటి..."
తీగ తీశాను.
"గులివింద!"
హార్బర్‌లో అరిచినట్టే అరిచింది.
మత్తు డాక్టరు స్టూలు మీంచి లేచాడు.
ఆ చోట ఏడో నంబరు చీటీ పెట్టి,
దాని కింద మినపగింజంత గడ్డ వదిలేసి
తల మూసేశాను.

ఐదేళ్ళు పాడింది.
హుద్‌హుద్‌కి బోట్లు విరిగిన ఏడు
ఎండు చేపలు పాడింది.
ఈలోగా మినపగింజ చింతపిక్కయింది,
చింతపిక్క నిమ్మకాయ.

ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించాను.
బుట్టలో సరుకు చూసినట్టు చూసింది.
"ఆ గులివింద ఒగ్గీసినావు కదా, ఇప్పుడు దాన్నీ తీసీ.
ఎన్నేళ్ళిత్తావు?"
చెప్పలేనన్నాను.
"పాటకొచ్చినోడు పాడాల బావూ. ఒకటా?
ఒకటి... ఒకటి..."
రెండన్నాను.
"మూడు పాడు."
కిటికీలో డాల్ఫిన్ కొండ, దాని కింద
లోపలికి రావాలా వద్దా అని ఆగిన ఓడ.
రెండున్నర అన్నాను.
నా చెయ్యి పట్టుకుని ఒక్క ఊపు ఊపింది,
బేరం తెగినట్టు.

లెక్క తప్పాను.
పద్నాలుగు నెలలు.
గులివింద తర్వాత చందువ పోయింది, నెత్తళ్ళు పోయాయి,
కూతురి పేరు పోయింది,
అంకెలు మాత్రం మిగిలాయి.
ఐసీయూలో ఆ పెదవుల మీద
పన్నెండొందలు, పదమూడొందలు, పద్నాలుగొందలు,
కొనేవాడు లేని పాట.

మొన్న జూన్‌లో కత్తి అప్పజెప్పాను.
చెయ్యి వణికి కాదు.
వణుకుతుందా అని చూసుకోవడం మొదలైంది,
అంతే చాలు.
ఇప్పుడు ఓపీ ఒక్కటే. చూద్దాం అంటాను.

ఆదివారాలు హార్బర్‌కి వెళ్తాను.
డీజిలూ మంచునీళ్ళూ తొక్కుకుంటూ.
ఎవరో కుర్రది పాడుతుంది. ఎవరి మనవరాలో అడగలేదు.
పాట అయ్యాక బుట్ట దగ్గర నిలబడి,
ఎర్రగా ఉంటాయి, మీసాలుంటాయి,
ఏమంటారు వాటిని, అన్నాను.
పేరు నాకు తెలుసు.
ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది.
"గులివిందలు. కేజీ మూడొందలు."
ఇంకోసారి చెప్పమన్నాను.
రెండొందల ఎనభై అంది.